పైలట్ శిక్షణ, పసిబిడ్డ రెండూ ఒకేసారి: సీమ యువ దంపతులకు దశలవారీ మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఒకే ప్రశ్న రెండు రకాలుగా వస్తోంది. పెళ్లయిన అమ్మాయి అడిగేది: "సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ముందు చేయాలా, బిడ్డ ముందా?" గ్రౌండ్ క్లాసులకు పోతున్న అబ్బాయి అడిగేది: "మా ఆవిడకు అయిదో నెల. ఫ్లయింగ్ ఇప్పుడే మొదలుపెట్టనా, ఆగనా?" ఇద్దరికీ పనికొచ్చేలా, ఏది ముందు ఏది వెనక అన్న వరుసలో రాస్తున్నా.

ముందే ఒక మాట తేల్చుకుందాం. చదువును ముక్కలు చేసుకోవచ్చు, ఫ్లయింగ్‌ను చేసుకోకూడదు. ఎయిర్ రెగ్యులేషన్స్ పుస్తకం మూడు వారాలు మూసి మళ్లీ తెరిస్తే పోయేదేమీ లేదు. ల్యాండింగ్ మూడు వారాలు వదిలేస్తే చెయ్యి తప్పుతుంది. మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని డ్యుయల్ సార్టీలు చేయాలి (సార్టీ అంటే ఒకసారి లేచి దిగడం), ఆ గంటల ఖర్చు మీదే. కాబట్టి బిడ్డ తొలి నెలలు గ్రౌండ్ చదువు మీద పడాలి, ఫ్లయింగ్ ఒక్క విడతలో అయిపోవాలి. కింద ఉన్నదంతా దాని కోసమే.

1. మెడికల్ తేలేదాకా రూపాయి కట్టొద్దు

ముందు డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే మొదటి దశ ఆరోగ్య పరీక్ష. అది పాసై ఫైల్ నంబర్ వచ్చాక క్లాస్ 1. సీపీఎల్‌కు క్లాస్ 1 తప్పనిసరి. సీమ వాళ్లకు దగ్గర్లో ఉన్న పెద్ద కేంద్రం బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. స్లాట్ దొరకడానికి సమయం పడుతుంది కాబట్టి ముందే బుక్ చేసుకోండి.

అమ్మాయిలకు ప్రత్యేకంగా: గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఏ కాస్త ఉన్నా పరీక్షకు ముందే డాక్టర్‌కు చెప్పండి. ఈ మెడికల్‌లో ఎక్స్‌రే కూడా ఉండొచ్చు. బిడ్డ గురించి ఇంకా ఆలోచిస్తూ ఉన్నవాళ్లు అంతకుముందే ఒకసారి క్లాస్ 1 చేయించుకుంటే మంచిది. కంటిచూపో, గుండె చప్పుడో, చెవిపోటు సమస్యో అడ్డమొస్తుందంటే అది ఇప్పుడే తెలియాలి, నలభై లక్షలు కట్టాక కాదు.

2. కాగితాలు: పేరు దగ్గరే అందరూ ఆగిపోతారు

డీజీసీఏ పేపర్లు రాయడానికి కంప్యూటర్ నంబర్ (అభ్యర్థికి డీజీసీఏ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి. దానికి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చూపించాలి, మార్కుల మెమోకు బోర్డు నుంచి వెరిఫికేషన్ తెచ్చుకోవాలి. బైపీసీ చేసినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ రాసి కలుపుకుంటున్నారు. ఈ అర్హతల మీద మార్పుల మాట నడుస్తోంది కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున డీజీసీఏ వెబ్‌సైట్‌లో తాజా నిబంధన చూసుకోండి.

మన దగ్గర అసలు చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్ట్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది. మూడు చోట్ల మూడు పేర్లుంటే నెలలు పోతాయి. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ప్రామాణికంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేసుకోండి. పెళ్లయిందని ఇంటిపేరు మార్చే ఆలోచన ఉంటే లైసెన్స్ చేతికొచ్చేదాకా ఆగండి.

చెక్‌లిస్ట్:
- పదో తరగతి, ఇంటర్ మెమోలు, బోర్డు వెరిఫికేషన్
- ఆధార్, పాస్‌పోర్ట్, పాన్: అన్నింట్లో ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ
- క్లాస్ 2 రిపోర్ట్, ఫైల్ నంబర్
- ఈజీసీఏ (డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్) ఖాతా, కంప్యూటర్ నంబర్
- బిడ్డ పుట్టాక జనన ధ్రువపత్రం (ఇన్సూరెన్స్‌లో చేర్చడానికి వెంటనే కావాలి)

3. క్యాలెండర్ వేసుకోవడం: ఇక్కడ తొందరపడొద్దు

గోడ క్యాలెండర్ ఒకటి, పెన్సిల్ ఒకటి తీసుకుని భార్యాభర్తలు ఇద్దరూ కూర్చోండి. ఫోన్‌లో వేసుకుంటే రెండోవాళ్లు చూడరు.

మొదట లెక్క. సీపీఎల్‌కు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మీదే), 20 గంటలు క్రాస్ కంట్రీ (ఒక చోటు నుంచి దూరపు చోటికి ఎగరడం), ఆ క్రాస్ కంట్రీలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గనిది. 10 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా మీటర్లు చూసి నడపడం), 5 గంటలు రాత్రి ఫ్లయింగ్. నెలకు 20 గంటలు దొరికితే పది నెలలు. 10 గంటలే దొరికితే ఇరవై నెలలు. ఈ రెండింటి మధ్య తేడాయే మీ బిడ్డ మొదటి పుట్టినరోజుకు మీరు ఇంట్లో ఉంటారా లేదా అన్నది.

చాలామంది చూడని నిబంధన ఇంకొకటి ఉంది. కమాండ్ గంటల్లో కనీసం 15 గంటలు లైసెన్స్ దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపల చేసినవై ఉండాలి. 190 గంటలు పూర్తిచేసి, కాన్పు కోసం ఏడెనిమిది నెలలు ఆగితే, వెనక్కొచ్చాక మిగిలింది పది గంటలే అనుకోవద్దు. కాబట్టి చివరి 40 గంటల్లో విరామం రాకుండా చూసుకోండి. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే మొదటి 60 గంటల లోపు ఆగడమే చవక.

ఇప్పుడు వాతావరణం. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీ ఇగ్రూవా లాంటి చోట డిసెంబర్, జనవరిలో పొగమంచు పట్టి పొద్దున సార్టీలు పోతాయి. మహారాష్ట్రలోని గోందియా, బారామతి వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. ఆ నెలల్లో ఎలాగూ సగం రోజులు విమానం షెడ్డు దాటదు. ట్రైనీ తండ్రి అయితే కాన్పు తేదీ, బారసాల ఆ మందకొడి నెలల్లో పడ్డాయా చూసుకోండి. పడితే సెలవు అప్పుడే అడగండి, నష్టం తక్కువ. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మాత్రం సీమ ఎండకు గాలి పలచబడి చిన్న విమానం పైకి లేవడానికి తంటాలు పడుతుంది, కింద నుంచి వేడి గాలి ఎగదన్ని కుదుపులూ ఎక్కువ. కాబట్టి ఎండల్లో ట్రైనీ జీవితం తెల్లవారుజాము నాలుగున్నరకే మొదలవుతుంది. రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేదెవరన్నది ఆ నెలల్లో పెద్ద ప్రశ్న.

అనుకూలమైన వరుస ఇలా ఉంటుంది:

1. మెడికల్, కంప్యూటర్ నంబర్: గర్భానికి ముందు
2. పేపర్ల చదువు: గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాతి నెలల్లో
3. బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు ఇంటి దగ్గరే పూర్తి
4. తల్లికి మళ్లీ ఫిట్‌నెస్ (ట్రైనీ ఆమె అయితే)
5. ఎఫ్‌టీఓలో (ఫ్లయింగ్ స్కూల్‌లో) చేరిక, ఒకే విడతలో ఫ్లయింగ్

కాన్పుకు పుట్టింటికి పోయి మూడో నెలలోనో అయిదో నెలలోనో తిరిగొచ్చే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. శిక్షణ కోణంలో చూస్తే అంతకంటే మంచి అవకాశం దొరకదు. అమ్మ, అవ్వ ఇద్దరూ బిడ్డను చూసుకునే ఆ నెలల్లో కనీసం రెండు పేపర్లు తేల్చేయొచ్చు.

4. డబ్బు

శిక్షణ ఖర్చు అర కోటి చుట్టూ అనుకోండి. టైప్ రేటింగ్ (ఎయిర్‌లైన్ వాడే ఒక రకం పెద్ద విమానానికి ప్రత్యేక శిక్షణ) దానికి అదనం.

బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి మామూలుగా తనఖా అడుగుతాయి. ఇక్కడ సీమ కుటుంబాలు దెబ్బతింటాయి. ఆస్తంతా చేను రూపంలో ఉంటుంది, అప్పు కట్టకపోతే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టమేమో వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే పదెకరాల పట్టాదారు పాస్‌బుక్ చూపించినా మేనేజర్ తల అడ్డంగా ఊపి, టౌన్‌లో ఇల్లో ప్లాటో ఉందా అని అడుగుతాడు. ముందే తెలుసుకుని పోతే ఒక ప్రయాణం మిగులుతుంది.

50 లక్షల అప్పు, పదిన్నర శాతం వడ్డీ, పదిహేనేళ్లు అనుకుంటే నెలకు 55 వేలకు పైనే కంతు. శిక్షణ కాలంలో కంతు లేకున్నా వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. ఆ లెక్కకు పక్కన ఇవి కలపండి:

- కాన్పు ఖర్చు, సిజేరియన్ అయితే ఎంత
- ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా, ఫీజు ఖాతాలో కలపకుండా
- అదనపు ఫ్లయింగ్ గంటలకు ఫీజులో పదో వంతు
- సంపాదించేవాళ్ల మీద టర్మ్ పాలసీ. ఫ్లయింగ్ శిక్షణ ఉందని దరఖాస్తులో దాచొద్దు, దాస్తే క్లెయిమ్ రోజున చిక్కు
- ఆరోగ్య బీమా. ప్రసూతికి చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అయిదో నెలలో తీసుకుంటే ఈ కాన్పుకు అందదు

5. ఎఫ్‌టీఓ ఎంచుకోవడం: దగ్గర అని చేరొద్దు

కర్నూలుకు ఓర్వకల్లు విమానాశ్రయం ఉంది, కడపకు ఉంది, పుట్టపర్తిలో ఉంది. 2022లో ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంచుకున్న చోట్లలో కడప పేరూ వచ్చింది. కానీ ప్రకటన వేరు, విమానం రోజూ ఎగరడం వేరు. ఏ స్కూల్ అయినా సరే ఒక వారంరోజుల పొద్దుటి పూట గేటు బయట నిలబడి ఎన్ని విమానాలు లేస్తున్నాయో చూసి రండి. బ్రోచర్ చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా అడగాల్సినవి:

- ప్రస్తుతం ఎగిరే స్థితిలో ఉన్న విమానాలెన్ని, ట్రైనీలెందరు
- పోయిన ఏడాది ఒక్కో ట్రైనీకి నెలకు సగటున ఎన్ని గంటలు వచ్చాయి
- ప్రసూతి లేదా కుటుంబ కారణంతో ఆగితే సీటు ఉంటుందా, కట్టిన ఫీజు ఏమవుతుంది
- ఫీజు విడతలుగా కట్టొచ్చా
- హాస్టల్ తప్పనిసరా, బయట కుటుంబంతో ఉండొచ్చా

డీజీసీఏ ఇప్పుడు ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు కూడా ఇస్తోంది, అదీ చూడండి. నా వరకైతే మొత్తం ఫీజు ముందే కట్టమనే చోట పసిబిడ్డ ఉన్నవాళ్లు చేరకూడదు. మీకు ఆగే స్వేచ్ఛ కావాలి, డబ్బంతా వాళ్ల దగ్గరుంటే ఆ స్వేచ్ఛ పోయినట్టే.

హైదరాబాద్, బెంగళూరు రెండూ కర్నూలు, అనంతపురాలకు జాతీయ రహదారి 44 మీదే. రాత్రి బస్సెక్కితే పొద్దుటికి ఇల్లు. అదొక్కటే దగ్గరి స్కూల్‌తో లాభం. నెలకు ఎనిమిది గంటలిచ్చే దగ్గరి స్కూల్ కంటే పాతిక గంటలిచ్చే దూరపు స్కూల్ నుంచి మీరు బిడ్డ దగ్గరికి ముందు చేరతారు.

6. ఇంట్లో మాట్లాడటం

"అందరూ సాయం చేస్తారులే" అనుకుని మొదలుపెడితే రెండో నెలకే మనస్పర్ధలు. ఎవరు, ఏ రోజు, ఏ టైం అన్నది పేరు పెట్టి అడగాలి.

"అత్తా, పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా బిడ్డ నీ దగ్గర. ఆ మూడు గంటలు నేను తలుపేసుకుని చదువుకుంటా. ఎనిమిదికి వచ్చి స్నానం, పాలు, వంట నేను చూసుకుంటా. ఆదివారం నీకు సెలవు." ఇలా అడిగితే ఒప్పుకోని అత్త తక్కువ. "నాకు చదువుకునే టైం దొరకట్లేదు" అని సణిగితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

ట్రైనీ తండ్రి అయితే అడగాల్సింది భార్యను. నువ్వు ఒంటరిగా ఎన్ని నెలలు మోయగలవు, ఎవరు తోడుంటే మోయగలవు అని. ఆమె చెప్పిన నెలల సంఖ్య క్యాలెండర్ మీద రాయాలి, ఫ్లయింగ్ దాన్ని దాటితే ఏం చేస్తారో కూడా రాయాలి. మనవడిని చూసుకోవడానికి నాయనమ్మ ఫ్లయింగ్ ఊరికి రావడమా, తల్లీబిడ్డ పుట్టింట్లో ఉండటమా అన్నది కాన్పుకు ముందే తేల్చండి. కాన్పయిన పదకొండో రోజున పురుడు పోసుకున్న ఇంట్లో, చుట్టాలందరి ముందూ తేల్చే విషయం కాదది.

7. ఉయ్యాల పక్కన పేపర్లు

ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. ఇవి కాక రేడియో లైసెన్స్ కోసం ఆర్‌టీఆర్.

వరుస: కాన్పుకు ముందు నావిగేషన్, ఎందుకంటే దానికి ఎడతెగని ఏకాగ్రత కావాలి. కాన్పు తర్వాత రెగ్యులేషన్స్, తర్వాత మెటియరాలజీ. టెక్నికల్ స్పెసిఫిక్ చివరికి, అది మీరు ఎగరబోయే విమానం రకం మీద ఆధారపడుతుంది కాబట్టి స్కూల్ తేలాకే చదవడం మేలు. పాసైన పేపర్లకు గడువుంటుంది, మరీ ముందే రాసి కూర్చోవద్దు.

బాలింత చదివితే కళ్లు చెడతాయని ఇంకా చాలా ఇళ్లలో అంటారు. వాదన పెట్టుకుని లాభం లేదు. రెగ్యులేషన్స్ నిర్వచనాలను ఏడో నెలలోనే మీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. పాలిస్తూ చెవిలో పెట్టుకుని వినొచ్చు. ఎవరికీ అభ్యంతరం ఉండదు, గుర్తూ ఉంటుంది.

దూలానికి చీర ఉయ్యాల కట్టి, తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని ఊపుతూ చేతిలో ఫ్లైట్ కంప్యూటర్ (పైలట్లు లెక్కలకు వాడే గుండ్రటి స్కేలు) చక్రం తిప్పుతూ గాలి దిశ లెక్కలు చేయడం సాధ్యమే. ఒక లెక్కకు నాలుగు నిమిషాలు చాలు. కాబట్టి నావిగేషన్‌లో పునశ్చరణ ఈ పద్ధతిలో, కొత్త పాఠం మాత్రం తలుపేసుకున్న మూడు గంటల్లో. ఆర్‌టీఆర్‌కైతే బిడ్డ కంటే మంచి శ్రోత లేదు. జోలపాట పాడినా, "కర్నూల్ టవర్, గుడ్ మార్నింగ్" అంటూ రేడియో కాల్ పలికినా వాడికి ఒకటే. గట్టిగా పలకడమే ఆ పరీక్షకు అసలు సాధన.

8. ట్రైనీయే తల్లి అయితే

ఫ్లయింగ్ మధ్యలో గర్భం తెలిస్తే ఆ రోజే సోలో (ఒంటరిగా ఎగరడం) ఆపండి. మెడికల్ ఎగ్జామినర్‌కు, చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి. "మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదు" అన్న ఇంటి మాట చుట్టాలకు వర్తిస్తుంది, వీళ్లకు కాదు. కాన్పు తర్వాత మళ్లీ ఫిట్ అని రాసిచ్చేదాకా సీటు ఎక్కరాదు.

తిరిగి మెడికల్‌కు పోయేముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తహీనతతో బెంగళూరు దాకా పోయి వెనక్కి రావడం వృథా. సిజేరియన్ అయితే, గర్భంలో బీపీ, షుగర్ వచ్చి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ, తాజా రిపోర్టులు ఫైల్‌లో పెట్టుకుని పోండి. కాన్పు తర్వాత దిగులు వదలకుండా వెంటాడితే వైద్యం తీసుకోండి, తీసుకున్నది చెప్పండి. మందులు వాడుతుండగా కొంతకాలం ఆగమంటారేమో, అది దాచి ఎగరడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఫ్లయింగ్ మొదలయ్యాక పాలు పిండి పెట్టేవాళ్లకు: గది వేడి 25 డిగ్రీలు దాటనప్పుడే తల్లిపాలు బయట నాలుగు గంటలు నిలుస్తాయి. మన ఎండలకు అది కుదరదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లోపు వాడండి. హాస్టల్ కంటే ఫ్రిజ్ ఉన్న ఒక గది అద్దె ఇల్లు నయం అనడానికి ఇదొక కారణం.

9. ఫ్లయింగ్ నెలల్లో రోజూ చేసే పరీక్ష

సార్టీకి ముందు విమానం చుట్టూ తిరిగి చూసినట్టే మిమ్మల్ని మీరు చూసుకోవాలి. ఈ ఆరు ప్రశ్నల్లో ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా ఆ రోజు వద్దు:

- జబ్బు: బిడ్డ జలుబు మీకంటిందా? ముక్కు బిగుసుకుని ఉంటే దిగేటప్పుడు చెవిపోటు భరించలేరు
- మందు: రాత్రి జలుబు మాత్ర వేసుకున్నారా? చాలావాటికి మత్తు ఉంటుంది
- టెన్షన్: బిడ్డకు జ్వరం, ఇంట్లో గొడవ, బ్యాంకు ఫోన్
- మద్యం: అసలు దగ్గరికే వద్దు
- నిద్ర: రాత్రి ఎడతెగకుండా కనీసం ఆరు గంటలు పడుకున్నారా
- తిండి: ఖాళీ కడుపుతో ఎక్కుతున్నారా

టీకా వేసిన రాత్రి బిడ్డ నిద్రపోదు, మీరూ పోరు. టీకా రోజు మర్నాడు సార్టీ పెట్టుకోకుండా ముందే షెడ్యూల్‌లో చెప్పండి. సార్టీ ఉన్న రాత్రుల్లో ట్రైనీ వేరే గదిలో పడుకోవాలి. దీన్ని స్వార్థం అనుకోవద్దు, అనిపించుకోవద్దు. బదులుగా సార్టీ లేని రాత్రి మొత్తం ట్రైనీదే.

10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

*కాన్పుకు ముందే సోలో అయిపోవాలని పరుగు.* తేదీ తరుముతుంటే ల్యాండింగ్ కుదరదు. సోలోను కాన్పు తర్వాతి షెడ్యూల్‌కు మార్చండి.

*నెల విరామం తర్వాత నేరుగా సోలో అడగడం.* ముందు రెండు మూడు డ్యుయల్ సార్టీలు. విరామంలో ఇంట్లో కుర్చీ మీద కూర్చుని, గోడకు కాక్‌పిట్ పోస్టర్ అంటించి, చెక్‌లిస్ట్ పైకి చదువుతూ చెయ్యి పెట్టాల్సిన చోట పెట్టడం రోజూ చేయండి. డ్యుయల్ గంటలు నిజంగా తగ్గుతాయి.

*ఫీజు డబ్బులోంచి ఆసుపత్రి బిల్లు కట్టడం.* రెండు ఖాతాలు ఉంచండి. ఇప్పటికే కలిసిపోతే స్కూల్‌తో మాట్లాడి ఒక విడత వాయిదా వేయించుకోండి, మీటర్ వడ్డీకి తేవద్దు.

*వారానికోసారి ఇంటికి పరుగెత్తడం.* ఆదివారం రాత్రంతా బస్సులో కూర్చుని సోమవారం పొద్దున ఫ్లయింగ్ చేయకూడదు. పదిహేను రోజులకోసారి, రెండు పూర్తి రోజులు.

11. లైసెన్స్ వచ్చాక

ఎయిర్‌లైన్ పిలుపు వెంటనే రాకపోవచ్చు. ఉద్యోగ పత్రం చేతిలో లేకుండా టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టడం, అదీ అప్పు మీద అప్పు చేసి, పిల్లలున్న ఇంటికి నేను సలహా ఇవ్వను. ఆ మధ్యకాలంలో ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేస్తే జీతం వస్తుంది, గంటలూ పెరుగుతాయి. మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు తేదీలు బిడ్డ టీకా కార్డు పక్కనే అదే క్యాలెండర్ మీద రాసుకోండి.

రెండో బిడ్డ ఆలోచన ఉన్న అమ్మాయిలకు ఒక సంగతి. ఫీజు కట్టే ట్రైనీకి జీతంతో ప్రసూతి సెలవు ఉండదు, ఎందుకంటే ఆమె ఉద్యోగి కాదు. ఉద్యోగంలో చేరి, కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉంటే, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు చట్టం ప్రకారం వస్తుంది.